వేళకు అందాల్సిన మాట

గుమ్మడిదల మండలంలో ఏ మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా షిఫ్టు మారే వేళ కాసేపు నిలబడి చూడండి. మామూలు ఫోన్లు ప్లాంటులోకి తీసుకుపోనివ్వరు. అందుకే బయటికి రాగానే, గేటు దగ్గర అప్పగించిన ఫోను తీసుకుని ఇంటికి చేయడం అందరికీ మొదటి పని. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. అయినా మాట తెగుతుంటుంది. "హలో... ఆఁ... వినబడ్తలేదు, ఆగు" అంటూ ఆ మనిషి రెండడుగులు పక్కకు జరుగుతాడు. మాట తేటపడుతుంది. టవర్ కదల్లేదు, ఫోను మారలేదు. మారిందల్లా రెండడుగుల చోటు.

మనిషికి ఇది చిన్న చికాకు. "మళ్లీ చెప్పు" అంటే తీరిపోతుంది. కానీ ఆ గోడకు అవతల రియాక్టర్ మీద కూర్చున్న ఉష్ణోగ్రత పరికరం కూడా తీగ లేకుండానే కంట్రోల్ రూముకు కబురు పంపుతుంటే? పట్టాల మీద వస్తున్న ఇంజనుకు 'ముందు దారి లేదు' అన్న మాట ఇలాగే ముక్కలైతే? రియాక్టర్ రెండడుగులు పక్కకు జరగలేదు. రైలు జరగకూడదు.

అలాంటప్పుడు తీగే వేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, బొంతపల్లి ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ ఎక్కువ పని తీగే చేస్తోంది. ఆ తీగ మీద ఒక పాత తెలివి ఉంది. దాన్ని ముందే చెప్పుకుంటే మిగతా కథ సులువవుతుంది. పరికరం తన కొలతను కరెంటుగా పంపుతుంది: అతి తక్కువ కొలతకు 4 మిల్లీ ఆంపియర్లు, అతి ఎక్కువకు 20. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదు? తీగ తెగితే కరెంటు సున్నా అవుతుంది కనుక. సున్నాను కొలతగా వాడితే 'చల్లగా ఉంది' అన్న కబురుకీ, 'నేను చచ్చాను' అన్న కబురుకీ తేడా తెలియదు. నాలుగు దగ్గర మొదలుపెడితే మౌనం కూడా ఒక కబురవుతుంది. ఈ ఒక్క ఆలోచనను గాలిలోకి ఎలా తీసుకెళ్లారన్నదే ఈ వ్యాసం.

తీగను వదులుకోవడానికి కారణాలు కూడా గట్టివే. సాల్వెంట్ ఆవిర్లు ఉండే చోట ఒక్క కేబుల్ లాగాలన్నా మంటను బయటికి రానివ్వని పెట్టెలు, గ్లాండ్లు, ట్రేలు, పని అనుమతులు కావాలి. పరికరం ధరను తీగ ఖర్చు మించిపోయే సందర్భాలు చాలా ఉంటాయి. ఇక కదిలే వస్తువులకు, అంటే బండికి, రైలుకు, తీగ కట్టే వీలే లేదు.

రెండడుగుల మాయ

నిశ్చలంగా ఉన్న కుంటలో రెండు రాళ్లు ఒకేసారి వేయండి. రెండు అలల వలయాలు కలిసే చోట కొన్నిచోట్ల నీళ్లు ఎగసిపడతాయి, కొన్నిచోట్ల అసలు కదలవు. ఒక అల శిఖరం మీద రెండో అల గుంట పడితే రెండూ చెల్లిపోతాయి.

రేడియో అలకూ అదే జరుగుతుంది. పరికరం పంపిన అల నేరుగా ఒక దారిన వస్తుంది, స్టీల్ రియాక్టర్‌ను తాకి ఇంకో దారిన వస్తుంది, పైపు ర్యాకును తాకి మూడో దారిన వస్తుంది. మందుల ఫ్యాక్టరీ లోపలి భాగమంతా లోహమే కనుక రేడియోకు అది అద్దాల మేడ. వైఫై, బ్లూటూత్, ఫ్యాక్టరీ పరికరాలు ఎక్కువగా వాడే 2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే ఆరు సెంటీమీటర్ల చిల్లర జరిగితే చాలు, అలలు ఒకదానికొకటి బలమిచ్చే చోటు నుంచి ఒకదాన్నొకటి మింగేసే చోటుకు చేరవచ్చు. నాలుగు వేళ్ల వెడల్పు కూడా కాదది.

ఇంకో చిక్కుంది. పరికరం జరగకపోయినా దాని చుట్టూ ఉన్నవి జరుగుతాయి. ఒక ట్యాంకర్ లారీ వచ్చి ఆగుతుంది, ఫోర్క్‌లిఫ్ట్ డ్రమ్ములు దింపి పోతుంది, షెడ్డు షట్టర్ ఎత్తుతారు. పొద్దున వినిపించిన చోట మధ్యాహ్నం వినిపించదు. "సిగ్నల్ ఉంది సార్, రీడింగే లేదు" అనే ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ మాటలో అబద్ధం లేదు. గీతలు చెప్పేది చెవికి ఎంత శబ్దం చేరుతోందని మాత్రమే. అందులో ఎంత అర్థమవుతోందన్నది గీతలకు పట్టదు.

నీరటి వంతులు

రెండో శత్రువు గుంపు. బొంతపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర ఉత్సవాల రద్దీలో తప్పిపోయిన పిల్లాణ్ని కేకేసి పిలవడం ఎంత కష్టమో ఊహించుకోండి. అక్కడ అందరూ పిలుస్తుంటారు.

2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర్లేనిది. ఊరుమ్మడి బంజరు లాంటిది, ఎవరి పశువులైనా మేయవచ్చు. క్యాంటీన్‌లోని మైక్రోవేవ్ పొయ్యి సైతం అక్కడే గోల చేస్తుంది. ఈ బంజరులో వైఫై పాటించే మర్యాద ఏమిటంటే, ముందు చెవి పెట్టి వినడం, ఎవరూ మాట్లాడకపోతే మాట్లాడటం, ఎవరైనా మాట్లాడుతుంటే కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించడం. ఆ 'కాసేపు' ఎంతో లాటరీలా తేలుతుంది. నలుగురుంటే ఇది చక్కగా నడుస్తుంది. నలభైమంది చేరితే ఒక్కోసారి వెంటనే వంతు దొరుకుతుంది, ఒక్కోసారి ఎంతకీ దొరకదు. సినిమా చూసేవాడికి చక్రం తిరుగుతుంది, మళ్లీ వస్తుంది. వాల్వుకు మాత్రం ఆ చక్రం పనికిరాదు.

దీనికి ఫ్యాక్టరీ ఇంజనీర్లు కనుక్కున్న మందు తెలంగాణ పల్లెలకు కొత్తేమీ కాదు. చెరువు కింద ఆయకట్టుకు నీళ్లు వదిలే నీరటి ఏం చేసేవాడు? ఎవరికి వాళ్లు తూము తెరుచుకుంటే చివరి మడి ఎండుతుందని, ఈ మడికి ఇంతసేపు, ఆ మడికి అంతసేపు అని వంతులు పెట్టేవాడు. వంతు ఎప్పుడొస్తుందో తెలిసిన రైతు గట్టు మీద రాత్రంతా కాపలా ఉండనక్కర్లేదు. ఆ వేళకు పార పట్టుకుని వస్తే చాలు.

2007లో వచ్చి, 2010లో అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడిన వైర్‌లెస్‌హార్ట్ అనే పద్ధతి సరిగ్గా ఇదే. అందులో ఒక్క సెకనును వంద వంతులుగా కోస్తారు. వంతు నిడివి పది మిల్లీసెకన్లు. కబుర్లన్నీ చేరే గేట్‌వే దగ్గరుండే నిర్వాహక ప్రోగ్రామే నీరటి. ఏ పరికరం ఏ వంతులో మాట్లాడాలో అదే రాసి పంచుతుంది. అదే వంతులోనే అవతలివైపు నుంచి 'అందింది' అన్న జవాబు కూడా రావాలి. తన వంతు కానప్పుడు పరికరం నిద్రపోతుంది. అందుకే బ్యాటరీ ఏళ్లకేళ్లు వస్తుంది.

'అందింది' అని జవాబు రాకపోతే? మళ్లీ పంపుతుంది. ఇక్కడే అసలు కిటుకు ఉంది. లారీ అడ్డంగా ఉన్నంతసేపు అదే దారిలో, అదే ఛానల్‌లో పదిసార్లు అరిచినా పదిసార్లూ ఓటమే. అందుకని ప్రతి ప్రయత్నానికీ ఛానల్ మారుతుంది. ఉన్నవి పదిహేను. అల పొడవు కాస్త మారగానే చెల్లిపోయే చోట్లు కూడా జరుగుతాయి. అంటే మనిషి రెండడుగులు పక్కకు జరగడానికి బదులు, పరికరం ఉన్నచోటే ఉండి అలను జరుపుతుంది. అప్పటికీ కాకపోతే పక్క పరికరానికి చెప్పి, దాని ద్వారా కబురు దాటిస్తుంది. పెద్దమనిషి ఇంటి తలుపు తెరవకపోతే పెరటి దారిన పోయినట్టు.

కాబట్టి రెండుసార్లు చెప్పడంలో బలం లేదు, వేర్వేరు దారుల్లో చెప్పడంలో ఉంది. ఒకే లారీ అన్ని దారులకూ అడ్డుపడకూడదు. వైర్‌లెస్ నెట్‌వర్క్ డిజైన్ చేసేవాళ్ల కష్టంలో ఎక్కువ భాగం ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

బాక్స్: తొమ్మిదుల లెక్క

"మా నెట్‌వర్క్ 99.9 శాతం నమ్మకమైనది" అని అమ్మేవాడు చెబితే తల ఊపకుండా లెక్క వేయండి.

గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు పది మీటర్లు కదులుతుంది. దానికి సెకనుకు పది సందేశాలు వస్తున్నాయనుకుందాం. గంటకు 36,000. అందులో 99.9 శాతం అందితే పోయినవి 36.

ఆ 36 సందేశాలు గంటంతా చెల్లాచెదురుగా పోతే బండికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఒకటి పోతే సెకనులో పదో వంతు తిరక్కుండానే ఇంకొకటి వస్తుంది, ఈలోపు బండి కదిలేది ఒక్క మీటరు. అవే 36 వరసగా పోతే? 3.6 సెకన్ల మౌనం, 36 మీటర్ల గుడ్డి ప్రయాణం. రెండూ 99.9 శాతమే.

అందుకే సరాసరి ఎంత అన్న ప్రశ్న కన్నా వరసగా ఎన్ని పోవచ్చన్న ప్రశ్నే అసలైనది. 5జీలో యంత్రాల కోసం పెట్టుకున్న గురి ఇంకా కఠినం: 32 బైట్ల చిన్న సందేశం ఒక్క మిల్లీసెకనులో, 99.999 శాతం కచ్చితంగా చేరాలి. అంటే లక్షకు ఒకటి పోవచ్చు. పై బండికి మూడు గంటలకు దాదాపు ఒకటి.

ఎవరి వేళ వారిది

వైర్‌లెస్ అనగానే మనకు 'స్పీడెంత?' అని అడగడం అలవాటైపోయింది. ఫోన్ కంపెనీల ప్రకటనలు నేర్పిన అలవాటది. ఉష్ణోగ్రత కొలతకు నాలుగు అంకెలు చాలు. యంత్రానికి కావలసింది వేగం కన్నా వేళ.

ఆ వేళ కూడా అందరికీ ఒకటి కాదు. వేల లీటర్ల రియాక్టర్ వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది, కాబట్టి మామూలు పర్యవేక్షణకు కొన్ని సెకన్లకోసారి కబురొస్తే సరిపోతుంది. ట్యాంక్‌ఫామ్‌లో సాల్వెంట్ మట్టం నిమిషానికోసారి చెప్పినా నష్టం లేదు. గోదాములో తనంతట తాను తిరిగే ట్రాలీకి సెకనులో పదో వంతు కావాలి. వేగంగా కదిలే రోబో చేతికి మిల్లీసెకన్లు. పది రెట్లు, వంద రెట్లు తేడా ఉన్న ఈ అవసరాలన్నిటికీ ఒకే నెట్‌వర్క్ తగిలించడం, పెళ్లి బ్యాండుకీ గుండె స్కానుకీ ఒకే మైకు వాడటమే.

లింగంపల్లి దాటితే

పటాన్‌చెరు నుంచి లింగంపల్లి స్టేషను దూరం కాదు. అక్కడి నుంచి వికారాబాద్ మీదుగా వాడి దాకా, ఇటు జహీరాబాద్ మీదుగా బీదర్ దాకా ఉన్న సుమారు 250 కిలోమీటర్ల పట్టాల మీద ఈ సమస్యకు దేశంలోకెల్లా గట్టి పరీక్ష జరిగింది. అదే ఇప్పుడు 'కవచ్' అని అందరూ పిలుస్తున్న రైలు రక్షణ వ్యవస్థ. ప్రయాణికుల రైళ్లలో తొలి పరీక్షలు 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేలోనే మొదలయ్యాయి. దాన్ని తయారుచేసిన తొలి కంపెనీలు మూడూ, అంటే మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, హైదరాబాద్‌వే. ఈ సంగతి మనవాళ్లు ఎక్కువగా చెప్పుకోరెందుకో.

2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపించారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. బ్రేకు దానంతట అదే పడి, ఎదురుగా ఉన్న ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలో బండి ఆగింది. టీవీల్లో అందరూ చూసింది ఇంతే. నాకు ఆసక్తి కలిగించేది ఆ బ్రేకు వెనకున్న సంభాషణ.

పట్టాల మధ్య స్లీపర్ల మీద చిన్న ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బిగిస్తారు. ఇవి మైలురాళ్లు. ఇంజన్ వాటి మీదుగా పోతూ తానెక్కడుందో చదువుకుంటుంది, రెండు ట్యాగుల మధ్య దూరాన్ని చక్రాల చుట్లు లెక్కపెట్టి తెలుసుకుంటుంది. ఆ చిరునామాను రేడియోలో స్టేషనుకు చెబుతుంది. స్టేషన్లో 40 మీటర్ల టవర్ కింద ఉన్న యూనిట్ సిగ్నళ్లను చూసి, 'నువ్వు ఇంకా ఇంత దూరం పోవచ్చు' అని జవాబిస్తుంది. ఇక్కడా నీరటి వంతులే: రెండు సెకన్ల చక్రంలో ఎవరి వంతు వారికి ఉంటుంది. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు రెండు సెకన్లలో దాదాపు 89 మీటర్లు పోతుంది. ఆగడానికే కిలోమీటరుకు అటూఇటూ పట్టే రైలుకు ఆ వ్యవధి సరిపోతుంది.

ఇప్పుడు చిత్రమైన విషయం. కవచ్‌కు ఉన్నది సిల్-4, అంటే ఈ రంగంలో అత్యున్నత భద్రతా స్థాయి. ప్రమాదకరమైన తప్పు పదివేల ఏళ్లకు ఒకసారికి మించి జరగకూడదన్న లెక్క. కానీ రేడియో సంగతి మనకు తెలుసు. కోత, గుట్ట, వంతెన అడ్డొస్తే సందేశాలు పోతూనే ఉంటాయి. సెకన్ల లెక్కన తప్పే రేడియో మీద పదివేల ఏళ్ల నమ్మకాన్ని ఎలా కట్టారు?

రేడియోను నమ్మకుండా కట్టారు. స్టేషను ఇచ్చిన అనుమతి ఇంత దూరానికే అని ముందే కొలిచి ఉంటుంది. కొత్త కబురు రాకపోతే ఇంజన్ పాత అనుమతి ఎక్కడ ముగుస్తుందో చూసుకుని, ఆ లోపే ఆగేలా వేగం తగ్గించుకోవలసిందే. 'ఆగు' అన్న మాట అందితేనే ఆగే రైలు ప్రమాదకరం. 'పో' అన్న మాట అందుతున్నంతవరకే కదిలే రైలు క్షేమం. మన పాత 4 మిల్లీ ఆంపియర్ల తెలివి పట్టాలెక్కిందన్నమాట. ప్రతి సందేశం మీదా వేళ, సరిచూసే అంకెలు, దొంగ సందేశాలు చొరబడకుండా రహస్య తాళం ఉంటాయి. పాతబడ్డ మాట, చెడిపోయిన మాట, పరాయి మాట, మూడింటినీ ఇంజన్ రాని మాట కిందే జమకట్టి పారేస్తుంది.

మున్ముందు ఈ సంభాషణను ఎల్‌టీఈ (4జీ) మీదికి తేవాలన్న ఆలోచన ఉంది. అందుకోసం 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం రైల్వేకు 700 మెగాహెర్ట్జ్ పట్టీలో 5 మెగాహెర్ట్జ్ కేటాయించింది. ఊరుమ్మడి బంజరు కాకుండా సొంత పట్టా భూమి.

కందిలో డ్రైవర్ లేని బస్సు

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 'తిహాన్' అనే కేంద్రం ఉంది. తమంతట తాము నడిచే బండ్లకు, డ్రోన్లకు పరీక్షా మైదానం అది. 2022 జులై 4న ప్రారంభించారు. 2025లో ఆ క్యాంపస్ లోపల డ్రైవర్ లేని చిన్న విద్యుత్ బస్సులు మనుషులను ఎక్కించుకుని తిరగడం మొదలైంది.

రోడ్డు పట్టా కాదు. ఎక్కడి నుంచి ఎవరు వస్తారో రాసిపెట్టి ఉండదు. నీరటి వంతుల జాబితాలో మేక పేరుండదు. అందుకని ఇక్కడ డిజైన్ ఇంకోలా ఉంటుంది. ఆలస్యానికి తావులేని పనిని, అంటే ఎదుటివాణ్ని చూసి బ్రేకు వేయడాన్ని, నెట్‌వర్క్ చేతికి ఇవ్వరు. బండి తన కెమెరాలు, లేజర్ కళ్లు, రాడార్లతో తానే చూసుకుని తానే ఆగాలి. రేడియో పని కళ్లకు అందనిది చెప్పడం. 2022 సెప్టెంబరులో ఇదే క్యాంపస్‌లో ఐఐటీ, మారుతీ సుజుకీ కలిసి బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని చూపించాయి: వెనక అంబులెన్సు వస్తోంది, ఎదురుగా రాంగ్ రూట్లో ఎవరో వస్తున్నారు, అటు నుంచి బైకు వస్తోంది అని. రాంగ్ రూట్ హెచ్చరికను ఎంచుకున్నవాళ్లు మన రోడ్లు చూసే ఎంచుకున్నారు.

రేడియో పోతే ఇలాంటి బండి గుడ్డిదవదు, దాని చూపు దగ్గరికి కుంచించుకుపోతుంది. మలుపు అవతల ఏముందో తెలియదు కాబట్టి మంచు కమ్మిన పొద్దున మనం నడిపినట్టు నెమ్మదించాలి. కబురు ఎంత నమ్మకంగా వస్తే అంత వేగం. వేగాన్ని ఇలా కబురుకు ముడిపెట్టడం నాకు చాలా ఇష్టమైన ఆలోచన.

5జీ ఇందులో చేసేది ఏమిటంటే, టవర్‌నే నీరటిని చేసి, వంతుల్ని ఇంకా సన్నగా తరగడం. ఒకరి సినిమా దిగుతుండగానే ఆ వంతును మధ్యలో తెంపి అత్యవసర సందేశాన్ని దూర్చనిస్తుంది. సినిమా చూసేవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. దేశీయ 5జీ పరీక్షా వేదికను 2022 మే 17న ప్రధాని ప్రారంభించారు. దాన్ని కట్టిన ఎనిమిది సంస్థల్లో ఐఐటీ హైదరాబాద్ ఒకటి.

ఆగడం కూడా ఉచితం కాదు

ఇంతవరకూ చదివినవారికి, అనుమానమొస్తే ఆపేయడమే పరిష్కారం కదా, మరి ఇన్ని వంతులూ ఛానళ్లూ ఎందుకన్న ప్రశ్న రావాలి. వర్క్‌షాపుల్లో తలమీద నడిచే ఈఓటీ క్రేన్ రేడియో రిమోట్‌ను చూడండి. లింకు పోతే క్రేన్ ఆగుతుంది, వేలాడే బరువు గాలిలోనే నిలబడుతుంది. క్షేమమే. అది షిఫ్టులో ఒకసారి జరిగితే క్షేమం, ఇరవైసార్లు జరిగితే ఎవరో ఒకరు దానికి 'జుగాడ్' కనిపెడతారు.

పరిశ్రమల్లో దీనికి అందరికీ తెలిసిన మాట ఒకటుంది: బైపాస్. ఊరికే మోగే అలారాన్ని నొక్కేస్తారు. ఊరికే ఆపే ఇంటర్‌లాక్‌ను, ఈ ఒక్క బ్యాచ్ పోనీ అని పక్కకు పెడతారు. పోయిన సందేశం నేరుగా ఎవరికీ హాని చేయకపోవచ్చు. అది మనుషుల ఓపిక తినేస్తుంది, ఓపిక పోయిన చోట రక్షణ ఊడుతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు యాభైమందికి పైగా ప్రాణాలు తీసింది. అలాంటి ప్రాంతంలో భద్రత గురించి రాస్తూ మనిషి స్వభావాన్ని లెక్కలోంచి తీసేయడం నిజాయితీ కాదు. సర్టిఫికెట్ భద్రతను ఇంజనీరు కడితే, రోజువారీ భద్రతను కట్టేది అనవసరంగా ఆగని నెట్‌వర్క్.

అందుకే ఇప్పటికీ వివేకమున్న ప్లాంటులో అత్యవసరంగా ఆపే వ్యవస్థ తీగ మీదే ఉంటుంది. గాలిలో కబురు కొలతలకు, పర్యవేక్షణకు, నెమ్మదైన నియంత్రణకు. ఈ సరిహద్దు జరుగుతోంది, జరగాలి కూడా, కానీ బ్రోషర్ చూసి కాదు.

దేన్ని చూసి జరపాలి? ఆ నెట్‌వర్క్ తన గురించి తానే రాసుకునే చిట్టాను. వైర్‌లెస్‌హార్ట్‌లో ప్రతి పరికరం తన పొరుగువాళ్లలో ఎవరు ఎంత బాగా వినిపిస్తున్నారో, ఎన్నిసార్లు మళ్లీ పంపాల్సి వచ్చిందో లెక్క పెట్టి గేట్‌వేకు పంపుతుంది. నెట్‌వర్క్ పెట్టిన రోజు షెడ్డు సగం ఖాళీగా ఉండి ఉంటుంది. ఆరు నెలలకు రెండు కొత్త స్టీల్ ట్యాంకులు దిగుతాయి, పైపు ర్యాకు మీద ఇంకో వరస ఎక్కుతుంది. కొలతలు మాత్రం స్క్రీన్ మీద ఎప్పటిలాగే వస్తుంటాయి, ఎందుకంటే పరికరాలు పెరటి దారులు వెతుక్కున్నాయి. చిట్టా తెరిస్తే, నిరుడు మూడు దారులున్న ట్రాన్స్‌మిటర్‌కు ఇప్పుడు ఒక్కటే మిగిలిందని కనిపిస్తుంది. ఆ ఒక్క దారిలో లారీ ఆగకముందే, ఒక నిచ్చెన, ఒక పని అనుమతి కాగితం, మధ్యలో బిగించడానికి ఇంకో చిన్న రిపీటర్.